ఊరికి వెళ్లి ఓటేసే మనిషి నగరంలో ఎందుకు వేయడు? రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ గారికి,

నమస్కారం. గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికలు ముగిసిన ప్రతిసారీ ఒకటే మాట వినిపిస్తుంది: నగర ఓటరు బద్ధకస్తుడు, చదువుకున్నవాడు అసలు గడప దాటడు. పోలింగ్ 2009లో 42.04 శాతం, 2016లో 45.29, 2020లో 46.55. అంకెలు చూస్తే ఆ నింద నిజమేననిపిస్తుంది. 2020 పోలింగ్‌ను కరోనా ఖాతాలో వేసినవారున్నారు గానీ, కరోనా లేని 2016లో అంతకన్నా తక్కువే పోలైంది.

మరి 2025 డిసెంబరులో గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు పోలింగ్ 80 శాతం దాటింది. ఆ ఓటర్లలో హైదరాబాద్ నుంచి బస్సులెక్కి వెళ్లినవారు ఎంతోమంది. (కొందరి చార్జీలు అభ్యర్థులే పెట్టుకుంటారన్నది వేరే సంగతి.) సర్పంచి ఎన్నిక కోసం సెలవు పెట్టి ఊరికి వెళ్లే మనిషి పక్క వీధి బడిలోని పోలింగ్ కేంద్రానికి వెళ్లకపోతే, దాన్ని బద్ధకం అని సరిపెట్టుకోగలమా?

పల్లెలో సర్పంచిని ఓటరు నేరుగా ఎన్నుకుంటాడు. నగరంలో మేయర్‌ను కార్పొరేటర్లూ, ఎక్స్ అఫిషియో హోదాలో, అంటే తమ పదవి రీత్యా, ఎమ్మెల్యేలూ ఎంపీలూ కలిసి ఎన్నుకుంటారు. తన ఓటు మేయర్ కుర్చీదాకా చేరుతుందని ఓటరు నమ్మకపోవడంలో వింతేమీ లేదు. అయితే అది శాసనసభ చూసుకోవలసిన పని. మీ చేతిలో ఉన్నవే అడుగుతాను.

ముందుగా జాబితా సంగతి. శాసనసభ ఓటర్ల జాబితానే డివిజన్లవారీగా (ఒక్కో కార్పొరేటర్ పరిధి ఒక డివిజన్) విడగొట్టి వాడతారు. చిక్కంతా ఆ విడగొట్టడంలోనే వస్తోంది. ఒకే ఇంటి నంబరు మీద తండ్రి పేరు ఒక డివిజన్‌లో, కొడుకు పేరు మరో డివిజన్‌లో తేలుతుంది. శాసనసభకు ఓటేసిన బడికే వెళ్తే, అక్కడ బల్ల వేసుకుని కూర్చున్న ఏజెంటు పేజీలు తిప్పి "మీ పేరు ఇక్కడ లేదండీ" అంటాడు. గుర్తింపు కార్డు చేతిలోనే ఉంటుంది, దాని మీద డివిజన్ పేరు ఉండదు. ఫోనులో చూసుకోగలిగినవాడు మరో కేంద్రం వెతుక్కుంటాడు. పెద్ద వయసువారు ఇంటికి తిరిగి వెళ్లిపోతారు. సాయంత్రం లెక్క తీసేసరికి వాళ్లూ బద్ధకస్తులే!

అదే జాబితాలో ఊళ్లోనూ నగరంలోనూ పేర్లున్నవారు, ఇల్లు మారినవారు, చనిపోయినవారు కూడా ఉంటారు. 2020లో నమోదైన 74 లక్షల పైచిలుకు ఓటర్లలో అలాంటి పేర్లెన్నో తేల్చకుండా ఆ 46 శాతాన్ని పట్టుకుని ఎవరిని తిట్టాలి?

ఇక వ్యవధి. ఆ ఏడాది నవంబరు 17న షెడ్యూలు వచ్చింది, డిసెంబరు 1న పోలింగ్. నామినేషన్లు, ఉపసంహరణలు పోగా అభ్యర్థి ఎవరో తెలుసుకోవడానికి ఓటరుకు దక్కింది వారం రోజులే. పైగా పోలింగ్ మంగళవారం. దానికి ముందు శని, ఆదివారాలు, సోమవారం కార్తీక పౌర్ణమి. వరుస సెలవులు చేతిలో పెట్టి, జనం ఊళ్లకు వెళ్లిపోయారని నొచ్చుకోవడమెందుకు? ఆ హడావుడి ఎన్నికలోనే ఓల్డ్ మలక్‌పేటలో బ్యాలెట్ మీద సీపీఐ అభ్యర్థికి సీపీఎం గుర్తు అచ్చయి, 3న రీపోలింగ్ పెట్టవలసి వచ్చింది.

రాబోయే నగర ఎన్నికలకు డివిజన్లవారీ జాబితాలను షెడ్యూలుకు కనీసం నెల ముందే బయటపెట్టండి. ఒక ఇంటివారి పేర్లన్నీ ఒకే కేంద్రంలో పడ్డాయో లేదో సిబ్బంది చేత ఇంటింటికీ వెళ్లి సరిచూపించండి. పోలింగ్ తేదీని సెలవుల చివర పెట్టకండి. మరొకటి, దీనికి పెద్ద ఖర్చేమీ కాదు: పేరు దొరకక వెనుదిరిగినవారి వివరాలు రాసుకోవడానికి ప్రతి కేంద్రం దగ్గరా ఒక పుస్తకం ఉంచి, పోలైన ఓట్ల శాతంతో పాటు ఆ సంఖ్యను కూడా ప్రకటించండి.

ఇట్లు,
ఒక నగర ఓటరు