బత్తాయి రైతుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమావేశాలు అనుకున్నట్టే జరిగాయి. జమాఖర్చుల పత్రం విడిగా జతపరిచాం. మిగతా నివేదికంతా ఒక్క విషయం గురించే, ఎందుకంటే అందులో పొరపాటు మనదే.

నల్లగొండ జిల్లాలో బత్తాయి తోట ఉన్నవారికి వేరుకుళ్లు గురించి చెప్పనక్కరలేదు. ఒక కొమ్మ వాడిపోతుంది. నీరు చాలలేదేమో అనుకుంటాం. తవ్వి చూస్తే వేరు బెరడు చేతికి ఊడివస్తుంది. అందుకే వానలకు ముందే, ఆ కుళ్లు తెచ్చే బూజును అణిచే మేలుచేసే బూజు ట్రైకోడెర్మా విరిడిని వృద్ధి చేసుకున్నాం. 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా పొడి కలిపి, తడిపి, చెట్టు నీడన గోనెపట్టాలు కప్పాం. పది రోజులకు పట్టా ఎత్తితే కుప్పంతా ఆకుపచ్చ బూజు, ముక్కుకు సన్నగా కొబ్బరి వాసన.

రెండో కుప్ప దగ్గర తెలివి ఎక్కువైంది. ఇంకా బలం వస్తుందని, మిగిలిపోయిన వెల్లుల్లి, పచ్చిమిర్చి కషాయాన్ని కొందరం దానిమీద పోశాం (ఆ కొందరిలో ఈ నివేదిక రాస్తున్న కార్యదర్శీ ఉన్నాడు). పది రోజులు దాటినా పచ్చదనం జాడ లేదు. కషాయం ఘాటు మాత్రం తగ్గలేదు.

వెల్లుల్లిని నూరినప్పుడు పుట్టే అల్లిసిన్ బూజును అణచివేస్తుంది. ఏది తెగులు బూజు, ఏది మనం పెంచుకున్న బూజు అని దానికి తెలియదు. రెండూ సేంద్రియమే కదా, కలిసిపోతాయిలే అనుకోవడమే మన తప్పు. వేపది మరో తిరకాసు. వేపపిండి కలిపిన ఎరువులో ట్రైకోడెర్మా చక్కగా పెరుగుతుంది. అదే వేపనూనె చిక్కగా కలిపితే పురుగులను చంపే బూజులైన బవేరియా, మెటారైజియం బీజాలు సరిగ్గా మొలకెత్తవు. మోతాదును బట్టి, నూనె తయారీని బట్టి ఈ దెబ్బ హెచ్చుతగ్గులుగా ఉంటుంది. కాబట్టి పక్క తోటలో పనిచేసిన లెక్క మన తోటలో పనిచేస్తుందని అనుకోవద్దు.

సర్వసభ్య సభలో తీర్మానించినది ఇది: కషాయాన్ని, శిలీంధ్రాల పొడిని ఒకే డ్రమ్ములో కలపరాదు. ఒకదాని తర్వాత మరొకటి వాడాలంటే కనీసం వారం ఆగాలి. బవేరియాను ఎండలో కాక సాయంత్రం చల్లబడ్డాకే పిచికారీ చేయాలి. కొత్త కషాయం ఏదైనా ముందు బుట్టెడు ఎరువు మీద పోసి, పచ్చబూజు వస్తుందో లేదో చూశాకే తోటకు పట్టుకెళ్లాలి.

రెండో కుప్ప ఖర్చు సంఘానిది కాదు, కషాయం పోసినవాళ్లమే పెట్టుకున్నాం. మొదటి కుప్ప మీద కప్పిన గోనెపట్టాలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. తీసుకెళ్లినవారు వచ్చే సమావేశానికి తెచ్చివ్వగలరు.

కార్యదర్శి