కీమో వార్డులో పక్క కుర్చీ ఆవిడకి కృతజ్ఞతలు

నాన్న కీమో నిన్నటితో అయిపోయింది. రాత్రంతా కళ్లు మూతపడలేదు, ఆ అలసటలోనే రాస్తున్నాను. అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి.

అమ్మ, తమ్ముడు, మా ఆయన: మీకు థాంక్స్ చెబితే తిడతారు, అందుకే చెప్పట్లేదు. సర్జన్ గారికి చేతులెత్తి దండం.

ఇక అసలు చెప్పాల్సింది, పేరైనా తెలియని ఒకావిడ గురించి.

ప్యాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌కి విప్పుల్ ఆపరేషన్ (క్లోమం తల భాగం, దాని పక్క పేగు కొంత తీసేస్తారు) అయ్యాక నాన్నకి ఏం తిన్నా ఒంటపట్టలేదు. కడుపుబ్బరం, జిడ్డు తేలే విరేచనాలు. మనిషి సగమయ్యారు. "తినాలంటేనే భయమేస్తోందమ్మా" అనేవారు. కీమో వార్డులో పక్క కుర్చీ ఆవిడ ఇది విని, "క్యాప్సూల్ ఎప్పుడేస్తున్నారమ్మా?" అన్నారు. చీటీలో ఉన్నట్టే, భోజనం అయ్యాక అన్నాను. ఆవిడ వాళ్లాయనకి తినిపిస్తూనే చూపించారు. మొదటి ముద్దతో ఒకటి, సగం తిన్నాక ఇంకొకటి. "అవి ఎంజైములమ్మా, తిండితో కలిస్తేనే అరుగుతుంది. డాక్టర్ గారిని అడుగు." అడిగితే, "అవును, అలాగే వేయాలి" అన్నారు. ఆ ముక్క చీటీలో రాయడానికి ఎంతసేపు పడుతుందండీ?

స్కాన్ రిపోర్టు అడిగేవాళ్లు బోలెడుమంది. తింటున్నారా, నిద్ర పడుతోందా అని అడిగిన నాథుడు లేడు. క్యాన్సర్ రోగి ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవడానికి ఈఓఆర్‌టీసీ అనే యూరప్ క్యాన్సర్ పరిశోధన సంస్థ వాళ్ల 30 ప్రశ్నల ఫారం ఉంది, ప్యాంక్రియాస్ వాళ్లకి విడిగా ఇంకో 26 ప్రశ్నలున్నాయి. మా దాకా ఒక్కటీ రాలేదు.

ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కాక చల్లటి మంచం కమ్మీ ముట్టుకుంటే నాన్న వేళ్లు జివ్వుమనేవి. ఆవిడ బ్యాగులోంచి ఉన్ని గ్లవ్స్ తీసి, తనే తొడిగారు.

వాళ్లాయనకి క్యాన్సర్ లివర్‌కి పాకింది, ఆపరేషన్ కుదరదు. ఫోల్ఫిరినాక్స్ అని, నాలుగు మందులు కలిపిన కీమో ఇస్తున్నారు. అది మనిషిని పీల్చేస్తుందనే నేనూ విన్నాను. కానీ ఇలా పాకినవాళ్ల మీద చేసిన 2011 నాటి ట్రయల్‌లో, ఆరు నెలలకి జీవన నాణ్యత బాగా పడిపోయింది దాన్ని తీసుకున్నవాళ్లలో 31 శాతం మందికి, జెమ్‌సిటబిన్ అనే ఒక్క కీమో మందే తీసుకున్నవాళ్లలో 66 శాతం మందికి. ఆవిడకి ఈ లెక్కలతో పనిలేదు. నొప్పి తగ్గడానికి కడుపు వెనక నరాల దగ్గర ఇంజెక్షన్ చేశారట. "రాత్రి మధ్యలో లేవకుండా పడుకున్నారమ్మా!" అని ముఖమంతా నవ్వుతో చెప్పారు. అంత కష్టంలో ఉండి మా నాన్న క్యాప్సూళ్ల గురించి ఆలోచించిన మనిషి! బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని ఏడ్చాను.

నాన్న ఇప్పుడు తింటున్నారండీ. అడిగి మరీ పెట్టించుకుంటున్నారు. ఆవిడకి ఈ మాట ఎలాగైనా చేరాలి.

అయ్యో, రక్తం ఇచ్చిన కుర్రాళ్లని మర్చేపోయాను! పేర్లు అడిగేలోపే వెళ్లిపోయారు. కీమో ఎక్కించడానికి చర్మం కింద పెట్టిన పోర్టు దగ్గర నొప్పి తెలియకుండా సూది గుచ్చే నైట్ డ్యూటీ సిస్టర్, ఎంజైమ్ క్యాప్సూళ్లు స్టాక్ రాగానే ఫోన్ చేసిన మందుల షాపు అబ్బాయి, మీకు కూడా.