పనిగదిలో రేడియో ఎక్కడ పెట్టాలంటే

బుజ్జమ్మకు నాన్న దీవెనలు.

నువ్వు పంపిన వీడియో చూశాను. బాల్కనీ పక్కగదిని పనిగదిగా మార్చుకోవడం బాగుంది. సామాన్లన్నీ గోడకి వరసగా తగిలించావు, బల్ల ఎత్తు కూడా నీకు సరిగ్గా కుదిరింది. నాకు నచ్చనిదల్లా చెవుల్లో ఆ తెల్ల బుడిపెలు. చెక్క కోసే కట్టర్ తిరుగుతున్నప్పుడు కూడా తియ్యలేదు. "పాట లేకపోతే పని సాగదు" అన్నావట అమ్మతో. పాట వద్దని నేనెందుకు అంటాను? నా పనిలో సగం ఆకాశవాణి పుణ్యమే. ఏది, ఎప్పుడు, ఎలా వినాలో చెబుదామని కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే ఊ కొడతావు గానీ వినవు.

నేను వడ్రంగం నేర్చుకున్న షెడ్డులో మేస్త్రిగారి ట్రాన్సిస్టర్ తోలు కేసుతో సహా మేకుకి వేలాడేది. ముల్లు విజయవాడ దగ్గరే, 837 కిలోహెర్ట్జ్. భక్తిరంజని అయ్యేలోపు ఉలులు సాన పట్టడం అయిపోవాలి. 6.45కి ప్రాంతీయ వార్తలు మొదలయ్యేసరికి బల్ల మీద చెక్క ఉండాలి. ఆ తర్వాత సంస్కృత వార్తలు. మాలో ఒక్కడికీ ముక్క అర్థమయ్యేది కాదు, అయినా ఎవరూ కట్టేసేవాళ్ళం కాదు. అవొచ్చాయంటే 7.05 ఢిల్లీ వార్తలు దగ్గరపడ్డట్టే, టిఫినుకి లేవొచ్చు. షెడ్డులో గడియారం ఉండేది కాదు, దాని అవసరమూ రాలేదు. ఎప్పుడైనా రేడియో సిలోన్ పెడితే తెలుగు పాటలు వినిపించే మీనాక్షి పొన్నుదురై గారి గొంతు. షార్ట్ వేవ్ కదా, పాట దగ్గరికొస్తూ దూరమవుతూ ఉండేది. పల్లవి మాకు, చరణం గాలికి.

అయితే కొలత తీసేటప్పుడు మాత్రం రేడియో గొంతు తగ్గాల్సిందే. మేస్త్రిగారు ఆపమని నోటితో అనేవారు కాదు. చెవి మీది పెన్సిలు తీసేవారు, అంతే, దగ్గరున్నవాడు వాల్యూమ్ తిప్పేసేవాడు. వార్తల్లో ఒక అంకె చెవిన పడితే మన నోట్లో ఉన్న అంకె పోతుంది. పాటతో అంత ప్రమాదం లేదు, మాటతోనే.

ఇప్పుడు అసలు సంగతి. చెక్కపనిలో కంటి కంటే ముందు చెవికి తెలుస్తుంది. చెక్క నునుపు చేసే చిత్రిక నారవాటున పోతుంటే సర్రుమని ఒకటే చప్పుడు, పొట్టు చుట్టలు చుట్టుకుంటూ వస్తుంది. నారకి ఎదురు పడిందంటే చప్పుడు తునకలవుతుంది. అక్కడే ఆగి చెక్క తిప్పుకుంటే సరి, ఇంకో రెండు తోపులు తోస్తే పైన పెచ్చు లేచిపోతుంది. టేకు పలకని వేలి ఎముకతో కొట్టి చూడు, లోపల బీట ఉన్నచోట బోలుగా పలుకుతుంది. ఇక కట్టర్ సంగతి. కోత మూసుకుపోయి చెక్క బ్లేడుని బిగబట్టిందంటే మోటారు మోత కిందికి దిగుతుంది. ఆ తర్వాత మిషన్ నీ మీదకి ఎగరడానికి రెప్పపాటు చాలు. ఆ దిగడం వినపడితే స్విచ్ వదిలేస్తావు. చెవిలో హుషారు పాట ఉంటే ఎలా వినపడుతుంది?

నాయిస్ క్యాన్సిలింగ్ ఉందంటావేమో. అది బస్సు, విమానం లాంటి ఎడతెగని హోరుకి బాగా పనిచేస్తుంది, బ్లేడు కీచుకి అంత కాదు. పైగా మోతని మించి పాట వినపడాలని వాల్యూమ్ పెంచుతావు. చెవికి లెక్క ఉంది తల్లీ. 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు ఉండొచ్చంటారు. అక్కణ్ణించి 3 పెరిగిన ప్రతిసారీ టైము సగం అవుతుంది. 88కి 4 గంటలు, 91కి 2, అలా 100 దగ్గరికొచ్చేసరికి పావుగంట. గదిలో తిరిగే కట్టర్ 100 సులువుగా అందుకుంటుంది. కాబట్టి మిషన్ వేసేటప్పుడు చెవుల్ని మూసే ఇయర్ మఫ్‌లు పెట్టుకో. చెవులు మూస్తే మోటారు మోత మాత్రం తెలుస్తుందా అని అడుగుతావు. తెలుస్తుంది. మఫ్ అన్ని చప్పుళ్ళనీ తగ్గిస్తుంది, మోత దిగడం, పెరగడం మాత్రం అందులోంచే తెలుస్తాయి. పాట అలా కాదు, దాని మీద ఇంకో చప్పుడు పరుస్తుంది.

మరి పాట ఎప్పుడంటావా? చేతిపని ఉన్నంతసేపూ. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ఆదివారం నాటకమో, సినిమాని కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రమో అయితే నాకు పనే తెలియదు. శబ్దచిత్రం ఇదివరకు చూసిన సినిమాదైతే మరీ మేలు. పాలిష్‌కి మాత్రం వీణో వేణువో ఉండాలి. పాట వేగం చేతికి ఎక్కుతుంది, కావాలంటే గమనించు. జోరు పాట వస్తే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. ఉలి పట్టుకున్నప్పుడు ఏ పాటైనా ఫర్వాలేదు గానీ క్రికెట్ కామెంటరీ వద్దు. వికెట్ పడితే మనిషి ఎగురుతాడు, ఉలి కూడా ఎగురుతుంది.

పాటకి ఫోన్ చాలదా అంటే, ఫెవికాల్ చేతులతో ఫోన్ ముట్టుకుంటే ఏమవుతుందో నీకే తెలుసు. రేడియోలో నచ్చని పాట వస్తే తిట్టుకుంటూ భరిస్తాం, మూడు నిమిషాల్లో అదే పోతుంది. ఫోన్‌లో అయితే చెయ్యి తుడుచుకుని మార్చేదాకా మనసు ఊరుకోదు. మార్చాక మెసేజ్ కనపడుతుంది. ఆ తర్వాత కథ చెప్పక్కర్లేదు.

అందుకే నా పాత రేడియో పంపుతున్నాను. ఎఫ్ఎం, మీడియం వేవ్ రెండూ ఉన్నాయి. హైదరాబాద్‌లో నీకు వివిధ భారతి 102.8, రెయిన్‌బో 101.9. మీడియం వేవ్‌లో హైదరాబాద్ కేంద్రం 738. కాంక్రీటు గోడల మధ్య మీడియం వేవ్ సరిగా అందదు, కిటికీ దగ్గర పెట్టు. ఎల్ఈడీ బల్బుకీ, ఫోన్ చార్జరుకీ దూరంగా ఉంచు, వాటి వల్ల కూడా గుయ్యిమంటుంది. లోపల రాగి తీగ చుట్టిన నల్లటి కడ్డీ ఉంటుంది, మీడియం వేవ్‌కి అదే ఏంటెన్నా. అందుకే రేడియోని మెల్లగా అటూ ఇటూ తిప్పితే ఒకచోట గొంతు తేటపడుతుంది. పైకి లాగే పుల్ల ఎఫ్ఎంకి.

మీడియం వేవ్‌లో ఒక లాభం కూడా ఉంది. డ్రిల్ నొక్కగానే గరగర వస్తుంది, కంగారు పడకు. మోటారులో కార్బన్ బ్రష్‌లు తిరిగే రాగి పలకల మీద రాసుకుంటూ చిన్న చిన్న నిప్పురవ్వలు వేస్తాయి, ఆ రవ్వల్నే రేడియో పట్టుకుంటుంది. రోజూ వినే గరగర ఉన్నట్టుండి ఎక్కువైతే బ్రష్ చూడాల్సిందే. మన గ్రైండర్ సంగతి నాకలాగే తెలిసింది. విప్పి చూస్తే ఒకవైపు బ్రష్ గోరంత మిగిలి ఉంది, స్ప్రింగు దాదాపు పలకకి తగులుతోంది. నలభై రూపాయలతో పోయింది. ఎఫ్ఎం ఈ చాడీలు చెప్పదు.

రేడియో మీద పల్చటి గుడ్డ కప్పి ఉంచు. సన్నపొట్టు లోపలికి పోతే వాల్యూమ్ తిప్పినప్పుడల్లా బరబరమంటుంది. అలా అంటే ఆపేసి, ఆ చివర నుంచి ఈ చివరికి నాలుగైదుసార్లు తిప్పు, చాలావరకు పోతుంది. ఊరికి వచ్చేటప్పుడు సెల్లులు తీసి పక్కన పెట్టు, కారితే స్ప్రింగులు తినేస్తాయి.

చెక్కలో గాడి తీసే నీ రూటర్ బిట్లు వీడియోలో మొద్దుబారినట్టు కనిపించాయి, కోత అంచున నల్లగా కాలిన మరక ఉంది. సాన పట్టేవాడు ఇక్కడ తెలిసినవాడే. పండక్కి వచ్చేటప్పుడు సంచిలో వేసుకురా.

ఇట్లు
నాన్న