మా ఆశక్కకు, డాక్టరమ్మకు కృతజ్ఞతలు

నాలుగేళ్లుగా చెప్పాల్సిన మాట ఇది. 2021 వానాకాలంలో నా ప్రాణం నేనే తీసుకోబోయాను. పత్తి పోయింది, బోర్లు ఎండాయి, మిత్తి మీద మిత్తి పెరిగింది. మా దేవరకొండ వైపు అందరికీ తెలిసిన కష్టమే, ఎక్కువ రాయను.

ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక గడప దాటలేదు. "వాళ్ల నాయన గూడ అట్లనే పోయిండు, వాళ్ల రక్తంలనే ఉంది" అని మా వాకిట్లోనే అన్నారు. అది నా కొడుకు చెవిన పడింది. అప్పులకన్నా ఆ మాటే ఎక్కువ కోసింది.

మా ఊరి ఆశా కార్యకర్త, మా ఆశక్క, మొదటి వారమే వచ్చింది. ఎందుకు చేశావని అడగలేదు. అరుగు మీద కూర్చుని చెంబెడు నీళ్లు తాగి, "తిన్నవా తమ్మీ? రాత్రి నిద్ర పట్టిందా?" అంది. గోలీలు లెక్కపెట్టి మా ఇంటామె చేతికిచ్చింది. ఏడాదిన్నర అలా వస్తూనే ఉంది. నేను నోరు విప్పని రోజు మా ఇంటామెతో కలిసి చిక్కుడుకాయల ఈనెలు తీసి వెళ్లేది.

నల్లగొండలో డాక్టరమ్మకు ఈ సంగతి చెబితే, ఇది కూడా వైద్యమే అన్నారు. చెన్నైతో పాటు మరో నాలుగు దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలా బయటపడ్డవాళ్లను 18 నెలల్లో తొమ్మిదిసార్లు పలకరిస్తూ చూసిందట. వాళ్లలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయని 2008లో అచ్చయిందట.

రక్తం మాట కూడా ఆమెనే అడిగాను. దాచలేదు. కవలల అధ్యయనాల ప్రకారం ఆత్మహత్య ధోరణిలో వంశపారంపర్యం వాటా 30 నుంచి 55 శాతమని చెప్పారు. "అది జనం మొత్తం మీద వేసిన లెక్క, నీ కొడుకు జాతకం కాదు. ఒక్క జన్యువు పని కూడా కాదు. కుంగుబాటుకు మందుంది, తాగుడు మాన్పించొచ్చు, అప్పుకు దారి వెతకొచ్చు" అన్నారు. ఒకసారి ప్రయత్నించి బతికినవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది తర్వాత ఆత్మహత్యతో చనిపోరని కూడా చెప్పారు. ఆ రాత్రి నాకు కంటినిండా నిద్ర పట్టింది.

కేసవుతుందని భయపడి ఆస్పత్రికి పోనివాళ్లుంటారు, మేమూ భయపడ్డాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంటుంది, శిక్షించమనదు. ఇప్పుడు మనసు బాగలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ ఫోన్ నంబర్ 14416 ఉంది. రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. దయచేసి ఫోన్ చేయండి.

మొన్న ఇంటర్‌లో చేరిన నా కొడుక్కి తాత సంగతి, నా సంగతి నేనే చెప్పాను. మనసు బాగలేకపోతే ముందు నాకు చెప్పమన్నాను. "నువ్వు గూడ నాకు చెప్పు నాయినా" అన్నాడు. అక్కా, ఈ మాట నీకు చేరాలనే ఇదంతా రాశాను.