పిల్లల కళ్ళ దురదకు మీ కాగితాల్లో గడి లేదు, మంత్రిగారూ

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రిగారికి,

నమస్కారమండి. మాది గజపతి జిల్లా. పర్లాకిమిడికి బస్సులో ముప్పావుగంట, వంశధార వైపు ఒక ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర నాలుగు ముక్కలు, ఇదీ మా బతుకు. మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు తెలుగులోనే వస్తుంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. మీ ఆఫీసులో చదివేవాళ్ళు లేకపోతే బరంపురం వాళ్ళనెవరినైనా పిలవండి, వీధికి పదిమంది దొరుకుతారు.

మా బాబు కళ్ళ గురించి రాస్తున్నాను. వాడొక్కడి గురించే కాదు గానీ, వాడి సంగతి తెలిసినంత బాగా ఇంకొకరిది నాకు తెలీదు.

వాడికి ఆరో ఏట మొదలైంది. పొద్దున్నే రెప్పలు అతుక్కుపోయి ఉండేవి. తడిగుడ్డతో తుడిస్తే పుసి ముద్దగా ఊడిరాదు, మునగచెట్టు బంకలా తీగ సాగుతుంది, వేలికి చుట్టుకుంటుంది. ఇక దురద. పిడికిలి బిగించి కణుపులతో కన్ను లోపలికి దిగబడిపోతుందేమో అన్నట్టు నులిమేసేవాడు, చెయ్యి పట్టుకుంటే భుజానికేసి రాసుకునేవాడు, నిద్రలో కూడా. ఎండలోకి రాడు. మిగతా పిల్లలు క్రికెట్ ఆడుతుంటే వీడు వేపచెట్టు కింద తల వంచుకుని మట్టిలో గీతలు గీసుకుంటూ కూర్చునేవాడు.

బడిలో కళ్ళకలక అనుకున్నారు. అందరికీ అంటుతుందని ఇంటికి పంపేశారు. తగ్గాక వెళ్ళాడు, మళ్ళీ ఎర్రబడ్డాయి, మళ్ళీ పంపేశారు. ఆ ఏడు ఎన్ని రోజులు పోయాయో లెక్కపెట్టడం మానేశాను. ఇది అంటుజబ్బు కాదని, పక్కన కూర్చున్న పిల్లకి రాదని ఆ టీచర్‌కి తెలీదు, నాకూ తెలీదు. మా అత్తగారు రాత్రిళ్ళు నందివర్ధనం పూలు తడిపి కళ్ళమీద పెట్టేవారు. చల్లదనానికి కాసేపు హాయిగా ఉండేది, అంతమాత్రానికి ఆవిడని తప్పుపట్టను, తర్వాత పెద్ద డాక్టర్ కూడా మొదట చెప్పింది చల్లటి గుడ్డ వెయ్యమనే.

తప్పు నేను చేశాను. మందుల షాపుకి వెళ్ళి "కళ్ళెరుపుకి చుక్కలివ్వండి" అన్నాను. ఇచ్చారు. చాలా చవక. రెండో రోజుకి ఎరుపు పోయింది, దురద పోయింది, వాడు బ్యాట్ పట్టుకుని పరిగెత్తాడు. ఏ తల్లికైనా అది దేవుడిచ్చిన మందులాగే కనిపిస్తుంది. సీసా అయిపోగానే మళ్ళీ మొదలు, మళ్ళీ అదే సీసా. ఇలా రెండేళ్ళు నడిచింది. సీసామీద రెండు మందుల పేర్లుంటే మొదటిది యాంటీబయాటిక్ అని ఎవరో చెప్పారు, సరే మంచిదే అనుకున్నాను. రెండోది డెక్సామెథాసోన్. అది స్టెరాయిడ్ అని, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందు అని నాకు రెండేళ్ళ తర్వాత విశాఖపట్నంలో తెలిసింది.

గుణుపురం ప్యాసింజర్‌లో వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ వాడి పైరెప్పని పుల్లతో తిరగేసి, ఫోన్‌లో ఫోటో తీసి చూపించింది. మంత్రిగారూ, రెప్ప లోపల నున్నగా ఉండాల్సిన చోట వంశధార ఒడ్డున గులకరాళ్ళు పరిచినట్టు బుడిపెలు. కన్ను ఆర్పిన ప్రతిసారీ అవి నల్లగుడ్డుని గీరుతాయట. అలా గీరగా గీరగా ఒక్కోసారి పుండు పడుతుంది, మానినా మచ్చ మిగులుతుంది, మనవాళ్ళు కంట్లో పువ్వు అనేది అలాంటి తెల్లమచ్చనే. జబ్బు పేరు వెర్నల్ కెరటోకంజంక్టివైటిస్, పొట్టిగా వీకేసీ, ఇదొక రకం కంటి అలర్జీ. వెర్నల్ అంటే వసంతకాలపుదని అర్థమట, చల్లటి దేశాలవాళ్ళు పెట్టిన పేరు. మాకు వసంతం ఎప్పుడొచ్చి ఎప్పుడు పోతుందో ఎవరికి తెలుసు? ఎండ, దుమ్ము ఉన్నంతకాలం ఉంటుంది, ఎండలు ముదిరితే ఇంకా రేగుతుంది. వేడి, పొడి గాలి ఉండే దేశాల్లోనే ఇది ఎక్కువ. ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువ. సాధారణంగా పదేళ్ళలోపు మొదలై, చాలామందికి యుక్తవయసు దాటాక నెమ్మదిస్తుంది. "పెద్దయితే పోతుందిలే" అని ఊళ్ళో అనే మాటలో సగం నిజం ఉంది, ఆ సగం నిజమే పిల్లల్ని ముంచుతోంది. పోయేలోపు కన్ను మిగలాలి కదా.

తర్వాత కంటి ప్రెషర్ చూశారు. 21 దాటకూడదట, మావాడి ఎడమకన్ను 34. లోపల కటకం వెనకవైపు కొంచెం మసక కూడా మొదలైంది. తొమ్మిదేళ్ళ పిల్లాడికి శుక్లం ఏంటమ్మా అని నేనే అడిగాను. స్టెరాయిడ్ చుక్కలు నెలల తరబడి వేస్తే ఈ రెండూ వస్తాయని, పిల్లల్లో ప్రెషర్ తొందరగా పెరగొచ్చని ఆవిడ చెప్పింది. శుక్లం ముదిరితే ఆపరేషన్ ఉంది. ప్రెషర్ పెరిగి వచ్చే నీటికాసుల (గ్లకోమా) వల్ల కంటి నరం పోతే పోయినట్టే, తిరిగి తెచ్చే మందు లేదు. మావాడిది నరం దెబ్బతినకముందే దొరికింది, అదొక్కటే అదృష్టం.

ఇది మా ఇంటి కథే అనుకోకండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 2006లో తమ దగ్గరికొచ్చిన 468 మంది వీకేసీ రోగుల వివరాలు 2013లో ప్రచురించారు. సగటు వయసు 12 ఏళ్ళు. నూటికి 36 మందికి ఏడాది పొడవునా జబ్బు ఉంది. నూటికి ఆరుగురికి స్టెరాయిడ్ వల్ల శుక్లం, నలుగురికి స్టెరాయిడ్ వల్లే నీటికాసులు. నూటికి ఆరుగురికి నల్లగుడ్డు పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్, కళ్ళు అదేపనిగా నులుముకుంటే అది వచ్చే ముప్పు పెరుగుతుంది. పెద్దాసుపత్రి దాకా వచ్చేవాళ్ళు ముదిరినవాళ్ళే కాబట్టి ఊళ్ళలో ఇంత శాతం ఉండకపోవచ్చు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ హైదరాబాద్ దాకా, విశాఖ దాకా వెళ్ళలేనివాళ్ళు ఏ లెక్కలో ఉన్నారు?

ఇప్పుడు మీ శాఖ సంగతికి వస్తాను. బడి పిల్లల్ని చూడ్డానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది, 2013 నుంచి నడుస్తోంది, పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా, అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి బృందం రావాలి. అందులో 30 జబ్బుల జాబితా ఉంది. చూపు లోపం ఉంది, విటమిన్ ఎ లోపం ఉంది, ఆయాసం లాంటి ఊపిరితిత్తుల అలర్జీ కూడా ఉంది. కంటి అలర్జీ లేదు. మావాడి బడికి బృందం వచ్చిన రోజు వాడి చూపు పరీక్షించారు, బోర్డుమీద అక్షరాలు చదివాడు, "నార్మల్" అని రాసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళని తిట్టను, వాళ్ళ కాగితంలో గడి లేదు. కానీ సికిల్ సెల్, థలసీమియా లాంటివి ఎక్కువున్న చోట రాష్ట్రాలు తమ అవసరాన్నిబట్టి కలుపుకోవచ్చని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది కదా, దీన్ని ఎందుకు కలపకూడదు? రెండే ప్రశ్నలు చాలు: నీకు కళ్ళు దురదపెడతాయా, ఇంట్లో ఏ చుక్కలు వేస్తున్నారు? రెండో ప్రశ్న అడిగితే సీసా తెచ్చి చూపిస్తారు, సగం పని అక్కడే అయిపోతుంది. దురద ఉందన్న పిల్లల్ని బ్లాకు ఆసుపత్రిలో ఆప్తాల్మిక్ అసిస్టెంట్ దగ్గరికి పంపి, పైరెప్ప తిరగేసి చూడమనండి. నిమిషం పని. పక్క రాయగడ జిల్లాలో లక్షమందికి పైగా బడిపిల్లల కళ్ళు పరీక్షించారు, మన కొండల్లో ఇలాంటివి కుదరవని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇక మందులు. మా ఇంటి నుంచి వెళ్ళదగ్గ ప్రభుత్వాసుపత్రిలో ఉచిత మందుల కిటికీ దగ్గర నాకు ఇచ్చింది యాంటీబయాటిక్ చుక్కలు. ఈ జబ్బుకి యాంటీబయాటిక్ పనిచేయదు, ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు. కావాల్సింది ఓలోపటాడిన్ లాంటి అలర్జీ చుక్కలు, కన్ను ఆరిపోకుండా కన్నీటి చుక్కలు, ముదిరినవాళ్ళకి సైక్లోస్పోరిన్ చుక్కలో టాక్రోలిమస్ ఆయింట్‌మెంటో. స్టెరాయిడ్ అసలు వద్దని నేననడం లేదు, బాగా రేగినప్పుడు డాక్టరే కొద్దిరోజులు వేసి, ప్రెషర్ చూస్తూ తగ్గించి ఆపేస్తారు. మావాడికీ అలాగే చేశారు. ఇప్పుడు టాక్రోలిమస్ రాస్తున్నాం. మొదటి వారం కారం పెట్టినట్టు మండిందని ఇల్లంతా పరిగెత్తాడు, నేను తలుపేసి వాడిని ఒళ్ళో పడుకోబెట్టుకుని రాశాను. పూర్తిగా పనిచేయడానికి నెలన్నర పట్టింది. షాపు చుక్కలు రెండు రోజుల్లో చేసే మాయ దీనికి రాదు, అందుకే చాలామంది మధ్యలో మానేసి మళ్ళీ పాత సీసాకి వెళ్ళిపోతారు. పైగా ఖర్చు. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది, నెలనెలా కొనే చుక్కలకి పనిచేయదు. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా మందులిచ్చే నిరామయ పథకం 2015 నుంచి ఉంది, మంచి పథకం, మా అత్తగారి బీపీ మాత్రలు అందులోవే. ఈ నాలుగు మందులు జిల్లాకి ఒక్కచోటైనా ఎప్పుడూ దొరికేలా చూడండి.

మధ్యలో ఒకచోట అలర్జీ దేనివల్లో తేలుస్తామని రక్తపరీక్షలకి నాలుగువేలు తీసుకున్నారు. ఏమీ తేలలేదు. ఈ జబ్బున్న చాలామందికి ఆ పరీక్షల్లో ఏమీ కనిపించదట, అది కూడా ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంటే బావుండేది.

మందుల షాపుల మీద దాడులు చేయిస్తారేమో అని భయంగా ఉంది, నిజం చెప్తున్నాను. వారం రోజులు షట్టర్లు దించుతారు, ఫోటోలు పేపర్లో వస్తాయి, తర్వాత మామూలే. మా షాపాయన చెడ్డవాడు కాదు. కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ఒక రోజు కూలి, రానూపోనూ ఛార్జీలు పోతాయని ఆయనకి తెలుసు, అందుకే ఇచ్చాడు. చట్టం అమలు చేయండి, వద్దనను. దాంతోపాటు షాపుకి దగ్గర్లో వేరే దారి కూడా పెట్టండి. కనీసం వారానికి ఒకరోజు బ్లాకులో కంటి ప్రెషర్ చూసే మనిషి, పరికరం. పిల్లకి నెల దాటి ఏ చుక్కలు వేసినా అక్కడ ఒకసారి చూపించుకునేలా. షాపుల్లో అంటించే హెచ్చరిక కాగితం ఒడియాతోపాటు తెలుగులో, సవరలో కూడా ఉండాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో కూర్చుని సవర పిల్లలకి వాళ్ళ భాషలో పుస్తకాలు రాసి వందేళ్ళు దాటింది, ఒక్క కాగితానికి మీ శాఖకి కష్టం కాకూడదు.

మావాడికిప్పుడు పదకొండు. ప్రెషర్ 18కి దిగింది. టోపీ పెట్టుకుని, నల్లద్దాలు పెట్టుకుని ఆడుతున్నాడు, స్నేహితులు హీరో అని ఏడిపిస్తారు.

మొన్న మా వీధి చివరింటి అమ్మాయి వచ్చింది, ఏడేళ్ళ కొడుకుని చంకనేసుకుని. వాడు ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం దాచుకుని కళ్ళు రుద్దుతూనే ఉన్నాడు. "అక్కా, మీవాడికి మొదట్లో రెండు రోజుల్లో తగ్గిపోయిన చుక్కల పేరేంటి" అని అడిగింది. చెప్పలేదు. విశాఖ వెళ్ళమన్నాను. ఆమె కాసేపు నిలబడి, మళ్ళీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయింది. వెళ్ళదని నాకు తెలుసు. ఆమెని మన జిల్లాలోనే ఎక్కడికి, ఏ రోజు పంపాలో మీ ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తే చాలు. ఒడియాలో వచ్చినా పర్లేదు, నేనే చదివి చెప్తాను.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి ఒక తల్లి