మందుల చీటీ మీద సిరంజి మూత రంగు కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నవంబరు 14న మధుమేహ దినం అని మీరు వేసిన పేజీ మా ఇంట్లో అందరం చదివాం. మా వారికి పదిహేనేళ్ళుగా షుగరు ఉంది కాబట్టి అలాంటి పేజీలు దాచుకుంటాం కూడా. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల మీద ప్రయోగాలు చేసి ఇన్సులిన్ కనిపెట్టారని, ఆ బాంటింగ్ పుట్టినరోజునే మధుమేహ దినంగా జరుపుతారని అందులో రాశారు. ఆ కుక్కలకి కూడా ఈ జబ్బు వస్తుందనీ, వస్తే వాటికీ ఇన్సులిన్ కావాలనీ మాత్రం ఒక్క ముక్క లేదు. తప్పు పట్టడానికి చెప్పడం లేదండీ. ఏడాది కిందటి దాకా నాకూ తెలియదు. తెలియక మా కుక్క చిట్టిని చంపుకున్నంత పని చేశాను. ఇంకొకరి ఇంట్లో అలా జరగకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను తెనాలిలో జాకెట్లు కుడతాను. ఇంటి ముందు గదే నా షాపు. చిట్టి మా స్పిట్జ్ కుక్క, ఆడది, పదో ఏడు నడుస్తోంది, బరువు పది కిలోలు. పగలంతా నా మిషను కింద, కాళ్ళ దగ్గరే పడుకుంటుంది. పోయిన కార్తీకంలో అది నీళ్ళు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. పొద్దున నింపిన గిన్నె పది గంటలకే ఖాళీ. ఎప్పుడూ గదిలో పాడు చేయనిది రాత్రుళ్ళు మిషను పక్కనే పోసేసేది. తిండి మామూలుకంటే ఎక్కువ తినేది, అయినా వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు తగిలేవి. ముసలితనం అనుకున్నాను. మా అత్తయ్యకి ఎనభై దాటాయి. ఒకరోజు తెల్లవారి ఆవిడే నన్ను పిలిచి నేల చూపించింది. చిట్టి పోసిన మరక చుట్టూ గీత గీసినట్టు చీమలు. "మీ మామయ్యకి కూడా ఇట్లాగే దొడ్లో చీమలు పట్టేవే. దీనికి షుగరే, ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అంది. వెనకటి వాళ్ళు ఈ జబ్బుకి మధుమేహం అని పేరు పెట్టింది కూడా అందుకేనట.

గుంటూరులో ఒక ప్రైవేటు పశువుల డాక్టరు గారి దగ్గర రక్తం తీయిస్తే షుగరు 438 ఉంది. మా వారి మాత్రలే సగం వేస్తే సరిపోదా అని అడిగాను. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పారు. కుక్కలకి వచ్చే షుగరులో దాదాపు ఎప్పుడూ ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే కణాలే పాడైపోయి ఉంటాయట. మాత్రలు పనిచేయవు, ఇంజక్షనే దారి, అదీ బతికినన్నాళ్ళూ. ఇంకో మాట కూడా అడిగారు, దీనికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా అని. చేయించలేదు. ఆడకుక్క ఎదకి వచ్చి వెళ్ళాక నెలా రెండు నెలల పాటు ఒంట్లో ఉండే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదట. చిట్టి ఎదకి వచ్చి అప్పటికి నెల అయింది. పాపం ఆపరేషన్ ఎందుకులే అని తొమ్మిదేళ్ళు వాయిదా వేసింది నేనే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. తర్వాత షుగరు కాస్త అదుపులోకి వచ్చాక చేయించాం.

చీటీ మీద ఇన్సులిన్ పేరు, 40 ఐయూ సీసా (అంటే ఒక మిల్లీలీటరు మందులో 40 యూనిట్లు), పూటకి నాలుగు యూనిట్లు, అన్నం తిన్నాక, పన్నెండు గంటల తేడాతో రెండు పూటలా అని శుభ్రంగా రాశారు. దాని కింద "ఇన్సులిన్ సిరంజి" అని రాశారు. అంతే. మొత్తం కథ ఆ రెండు మాటల దగ్గరే తిరిగింది.

ముప్పై ఏళ్ళుగా సూది పట్టిన చేతులు నావి. మొదటి రోజు వణికాయి. జాకెట్టు భుజం దగ్గర టక్కు పట్టినట్టు రెండు వేళ్ళతో వీపు మీద వదులు చర్మం పైకి లాగితే కింద చిన్న గుడారంలా అవుతుంది, అందులోకి పొడవాలి. నేను పొడిచిన సూది అవతలి వైపు బొచ్చులోకి వచ్చేసింది. బొచ్చు తడిసి గదంతా డెట్టాల్ లాంటి వాసన. అలా పోయినప్పుడు మళ్ళీ ఇంకో డోసు పొడవకూడదు, ఒంట్లోకి ఎంత పోయిందో మనకి తెలియదు కదా. ఆ పూటకి వదిలేయాలి. నాలుగో రోజుకి చెయ్యి కుదురుకుంది. చిట్టి అసలు కదిలేది కాదు, గిన్నెలో మూతి పెట్టి తింటూ ఉండగానే అయిపోయేది.

తిండి మార్చాం. పాలూ బిస్కెట్టూ మానేశాం. పెరుగన్నం బదులు తోలు తీసి ఉడికించిన కోడిమాంసం, బీన్స్, ఒక గరిటె అన్నం. రోజూ అదే గరిటె, అదే టైము, పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. విజయవాడలో మేనకోడలి పెళ్ళికి కూడా మా వారొక్కరే వెళ్ళారు. ఇంత చేస్తున్నా షుగరు మాత్రం తగ్గలేదు. మూడు వందల యాభై, నాలుగు వందలు. నీళ్ళ గిన్నె అలాగే ఖాళీ అవుతోంది. డాక్టరు గారు ఆరు యూనిట్లు చేశారు. పది రోజులకి ఎనిమిది చేశారు. "కుక్కకి ఇంత ఖర్చేంటి, నిద్రపుచ్చేయమనండి" అన్న వాళ్ళూ ఉన్నారు. నిజానికి ఆ ఇన్సులిన్ సీసా రెండు వందల లోపే, నెలకొకటి. వాళ్ళ మాట విన్నాక రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

అలా మూడు వారాలు దాటాక సిరంజిలు అయిపోయాయి. మెడికల్ షాపులో కొత్త ప్యాకెట్ తెచ్చుకున్నాను. మూత ఎర్రగా ఉంది, ముందు వాడినవి నారింజ రంగు. అడిగాను కూడా. "ఏదైనా ఒకటేనమ్మా, ఇదీ ఇన్సులిన్ సిరంజే" అన్నాడు కుర్రాడు. మర్నాడు పొద్దున ఏడింటికి ఎనిమిదో గీత దాకా తీసి వేశాను.

పదకొండు గంటలకి నేను మిషను మీద ఉన్నాను. చిట్టి లేచి నిలబడబోయి మిషను స్టాండుకి గుద్దుకుంది. మళ్ళీ లేచింది, వెనక కాళ్ళు పక్కకి జారాయి. మెడ సన్నగా వణుకుతోంది. పేరు పెట్టి పిలిస్తే నా వైపు కాకుండా గోడ వైపు చూసింది. నేను కేకలు వేయడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మా వారికి అప్పుడప్పుడూ అలాగే అవుతుంది కాబట్టి ఆయన చూడగానే "షుగరు డౌన్ అయింది, తేనె తీసుకురా" అన్నారు. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, వేలితో చిగుళ్ళకి రాశాం. మళ్ళీ రాశాం. ఆయన షుగరు చూసుకునే మిషన్‌తోనే చెవి అంచున పొడిచి చూస్తే 46. పావుగంటకి తల ఎత్తింది. నా వేలు నాకింది. వెంటనే అన్నం పెట్టాం, తిన్నది.

ఫోన్ చేస్తే డాక్టరు గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ సిరంజి వాడారమ్మా?" ఆ ప్రశ్న మొదటి రోజే వేసుంటే ఎంత బాగుండేది! ఆయన మంచివారు. తన పొరపాటు కూడా ఉందని ఆయనే అన్నారు.

ఆ మధ్యాహ్నం మా వారూ నేనూ రెండు సిరంజిలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాం. ఎర్ర మూత దాని మీద 40 అని, నారింజ మూత దాని మీద 100 అని సన్నటి అక్షరాలు. మా సీసా 40ది కాబట్టి దానికి సరైనది ఎర్రదే. ఎర్ర దాంట్లో ఎనిమిదో గీత దాకా మంచినీళ్ళు తీసి చెంచాలో వదిలి, అవే నీళ్ళు నారింజ దాంతో పీల్చాం. ఇరవయ్యో గీత దాకా వచ్చాయి! అంటే నారింజ సిరంజితో నేను ఎనిమిది అనుకుని వేసింది నిజానికి మూడు యూనిట్ల పైచిల్లర. షుగరు తగ్గకపోవడానికి కారణం అదే. డోసు పెంచుకుంటూ పోయి, సరైన సిరంజి చేతికి వచ్చిన రోజున నిజంగానే ఎనిమిది పొడిచేశాను. ఒక్కరోజులో రెండున్నర రెట్లు.

ఇది తిరగబడితే ఇంకా ప్రమాదం. మా ఫ్రిజ్‌లోనే మా వారి ఇన్సులిన్ పెన్నులో వేసే మందు కార్ట్రిడ్జిలు ఉన్నాయి, అవి 100వి. సీసా అయిపోయిందని ఎవరైనా దాంట్లోంచి ఎర్ర సిరంజితో నాలుగో గీత దాకా తీస్తే అది పది యూనిట్లు. కుక్కకే కాదు, మనిషికైనా అంతే.

కాబట్టి డాక్టర్లకి నా మనవి, పశువుల డాక్టర్లయినా మనుషుల డాక్టర్లయినా సరే, చీటీ మీద "ఎర్ర మూత, 40" అనో "నారింజ మూత, 100" అనో సిరంజి గురించి కూడా రాయండి. ఇంకో అర నిమిషం పడుతుంది, అంతే. మెడికల్ షాపుల వాళ్ళకి చెప్పేది, సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనో కాదో చూసి ఇవ్వండి. ఏదైనా ఒకటే అనొద్దు.

చిట్టి ఇప్పుడు ఎర్ర సిరంజితో పూటకి నాలుగు యూనిట్ల మీద ఉంది. మళ్ళీ పది కిలోలకి వచ్చింది. నీళ్ళ గిన్నె సాయంత్రానికి కూడా సగం ఉంటోంది. కళ్ళు మాత్రం ఉగాది నాటికే తెల్లబడిపోయాయి. షుగరు వచ్చిన కుక్కల్లో చాలావాటికి ఏడాది లోపే శుక్లాలు వస్తాయట. గదిలో సామాను ఎక్కడిదక్కడే ఉంచుతున్నాం. మిషను చప్పుడు విని నా కాళ్ళ దగ్గరికి వచ్చి పడుకుంటుంది.

రెండు సిరంజిలనూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి, అంకెలు కనిపించేలా మా అబ్బాయి తీసిన ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను. వచ్చే నవంబరు దాకా ఆగకుండా వేయండి. రంగులే ముఖ్యం కాబట్టి, వీలైతే రంగుల పేజీలో.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి