పిండంలోని నాడీకణాలపై మద్యం ప్రభావం

సంపాదకునికి,

గర్భిణి తాగిన మద్యం మాయను సులువుగా దాటి కొద్దిసేపటికే పిండం రక్తంలో చేరుతుంది. దానిని విచ్ఛిన్నం చేసే శక్తి పిండం కాలేయానికి ఇంకా సరిగా ఉండదు. తర్వాత మెదడు, వెన్నుపాముగా మారే నాడీనాళం ఫలదీకరణ జరిగిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది, అప్పటికి గర్భం సంగతి తల్లికే తెలియకపోవచ్చు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. ముఖాన్ని తీర్చిదిద్దవలసిన నాడీశిఖర కణాలు మద్యం తాకిడికి పెద్ద సంఖ్యలో చనిపోతాయి. తర్వాతి నెలల్లో మెదడులో తమ చోటికి వలస వెళ్లవలసిన న్యూరాన్లు దారి తప్పుతాయి, వాటి మధ్య సంధానాలు దెబ్బతింటాయి. 1973లో అమెరికా వైద్యులు జోన్స్, స్మిత్ ఈ లక్షణాల సముదాయానికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. ఇన్నేళ్ల తర్వాత కూడా ‘కొంచెమైతే ఫరవాలేదు’ అనే మాట వినిపించడం బాధాకరం. సురక్షితమైన మోతాదంటూ ఏదీ నిర్ధారణ కాలేదు. గర్భం కోసం ప్రయత్నిస్తున్న దశలోనే మద్యం మానవలసిన అవసరాన్ని మీ ఆరోగ్య పేజీలో తరచుగా వివరించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు